ఆవగింజంత

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
చెట్ల సంగతి నాకు తెలియదు.
రాయి వంగుతుంది.
రెండు వెంట్రుకల మందానికి అరగదీస్తే
సిలికాన్ పలక
ఊపిరి తగిలినా వంగుతుంది.

ఇరవై ఆరేళ్లుగా గిలేన్ పెరషాన్ పని ఇదే.
గ్రెనోబుల్‌లో, రెండు నదులు కలిసేచోట,
మంచుకొండకు వీపు ఆనించిన గదిలో
లోపలికి గుంటపడ్డ గాజు దిమ్మె మీద
పలకను పరిచి
నిద్రపోయిన బిడ్డను భుజం మీంచి దించినట్టు
గాలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా దించుతుంది.
మధ్యలో ఒక్క దుమ్ముకణం మిగిలిందా,
చిటుక్కు.
ఆ చప్పుడు ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది.
పగిలినవి పారేయదు. కిటికీలో పేర్చింది.
పొద్దుటి ఎండకు
పైకప్పు మీద చేపపిల్లలు ఈదుతాయి.

ఎందుకు వంచడం అని అడిగాను, చేరిన కొత్తలో.
"తిన్నటి పలక
తనకు సరిగ్గా ఎదురొచ్చినవాణ్నే పలకరిస్తుంది.
నాకు చెదిరిపోయినవాళ్లు కూడా కావాలి."
అంతే చెప్పింది.
కాఫీ చల్లారిపోయిందని నన్నే విసుక్కుంది.

మిగతాది కాళ్లు నొప్పెట్టి నేర్చుకున్నాను.
నమూనా, స్ఫటికం, డిటెక్టరు
ముగ్గురూ ఒకే వృత్తం మీద కూర్చోవాలి.
ఒకరు వెంట్రుకవాసి జరిగితే
మిగతా ఇద్దరూ లేచి సర్దుకోవాలి.
ఆరువేల అయిదువందల మెట్ల మీద
ఒక్క మెట్టు తేడా కనిపెట్టాలి.
మరీ వంచితే రాయి లోలోపల బిగుసుకుంటుంది,
గీత తడిసిన సిరాలా అలుక్కుపోతుంది.
ఎంత వంచాలో పుస్తకంలో ఉంది.
ఎక్కడ ఆపాలో మాత్రం
గిలేన్ మణికట్టులో ఉంది.

నవంబరులో మాయిలిస్ బువరెల్ వచ్చింది,
దూది కుక్కిన బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని
మూడు గంటలు బస్సులో.
లోపల, ఒక కొండవూరి చర్చి కిటికీలోంచి ఊడిన గాజుముక్క:
ఎవరిదో చెంప, సగం పెదవి.
ఎండిన పొగాకు రంగు.
"చిత్రకారుడే ఇలా వేశాడా?
ఏడు వందల ఏళ్ల వాన వేసిందా?
కడిగెయ్యమంటున్నారు.
కడిగాక తెలిసి ఏం చేసుకోను?"

గాజులో కాస్త మాంగనీసు ఉంది.
ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే అది నల్లబడుతుంది.
అది పంపే గీతకు పక్కనే ఒక చిన్న భుజం.
పోగొట్టుకున్నకొద్దీ
ఆ భుజం జారుతుంది.

ఇక్కడే ఒక చిక్కు.
ఎక్స్-కిరణం తగిలినా గాజు నల్లబడుతుంది.
ఎక్కువసేపు గుచ్చి గుచ్చి అడిగితే
సాక్షి మనం అనుకున్నదే చెప్పేస్తాడు.
అందుకే ఆ రాత్రి అయిదు పలకలు,
గిలేన్ చేతిమీదుగా వంగిన అయిదు దోసిళ్లు,
చెదిరిన ప్రతి చుక్కనూ పట్టి
ఒక్కచోటికే పంపుతూ.
చోటు మార్చినప్పుడల్లా నలభై సెకన్లు. అంతే.
షట్టరు మూసినప్పుడల్లా
ముగ్గురం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం.

రెండున్నరకు తెర మీద గీతలు తేలాయి.
పైపొరలో జారిన భుజం.
విరిగిన అంచున, లోపలి గాజులో,
నిటారుగా నిలబడ్డ భుజం.
వానే.
చిత్రకారుడు గీసిన చెంప తెల్లటిది.

మాయిలిస్ సంతోషిస్తుందనుకున్నాను.
ఆమె భూతద్దం తీసి
విరిగిన అంచునే చూస్తోంది.
అక్కడ ఆవగింజంత మచ్చ.
నిన్న లేదు.
"అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం" అన్నాను,
నాకే వినబడనంత నెమ్మదిగా.

ఆమె డబ్బా మూత వెనక పెన్సిలుతో రాసింది:
చెంప, వాన.
పెదవి పక్క మచ్చ, మేము.
కింద తేదీ వేసింది.
గిలేన్ ఆ పెన్సిలు అడిగి తీసుకుని
మేము అన్న మాట పక్కన
తన పేరు కూడా రాసింది.

మొదటి బస్సు ఆరున్నరకి.
అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడ్డాం,
చేపపిల్లలు ఇంకా రాలేదు.